నిలుకడ

వేసవి ప్రాతఃకాలమున, గాలి యింకను మేల్కొనని వేళ, నా చేతులతో కూర్చుకొన్న నాలుగు మోటార్ల డ్రోనును మా డాబామీద రెండు మూరల యెత్తునకు లేపి అచ్చటనే నిలుపవలెనని నేను పట్టిన పట్టు ఇంచుమించు ఐదు మాసములు సాగెను. లేపుట కష్టము కాదు. చాలినంత బలముగల మోటార్లున్నచో ఇటుకరాయియైనను లేచును. లేచినదానిని లేచినచోట నిలుపుట యను ఆ యొక్క పనియే నన్ను అన్ని దినములు చీకటితో నిద్రలేపినది.

దాని నిర్మాణము స్వల్పమే. మూలనుండి మూలకు 450 మిల్లీమీటర్ల చట్రము, నాలుగు కొనలయందు నాలుగు మోటార్లు, వానికి పది అంగుళముల ప్రొపెల్లర్లు, నడుమ ఒక బ్యాటరీ. కర్ణముగా ఎదురెదురుగా నున్న జంటలలో ఒకటి గడియారపు ముల్లు పోవు దిక్కునకును, రెండవది దానికి విరుద్ధముగను తిరుగును. అట్లు కానిచో రెక్కలొకవైపు తిరుగుచుండగా చట్రము మరియొకవైపు గిరగిర తిరిగిపోవును. చుక్కాని లేదు, తోక లేదు; పోవలెనన్నను ఉండవలెనన్నను ఆ నాలుగింటి వేగములందలి హెచ్చుతగ్గులే దానికి శరణ్యము.

ఈ యూహ నిన్నటిది కాదు. 1907లో ఫ్రాన్సునందలి దువే పట్టణమున బ్రెగే సోదరులు, ఆచార్య షార్ల్ రిషే తోడ్పాటుతో, నాలుగు భుజములుగల ఒక మహాయంత్రమును మనుష్యునితో సహా నేలనుండి రమారమి 60 సెంటీమీటర్లు లేపిరి. కాని ఆ నాలుగు భుజముల చెంత నలుగురు మనుష్యులు నిలిచి, అది ఒరిగిపోకుండ పట్టుకొనవలసివచ్చెను. బలము చాలినది, నిలుకడ చాలలేదు. పేర్లు నేనెరుగని ఆ నలుగురినే నేను తరచుగా తలచుకొందును.

వారు చేసిన పనిలో ఒరుగును కనిపెట్టుటను నేడు నాలుగు మిల్లీమీటర్ల చదరమున ఇమిడిన చిప్పు చేయుచున్నది. అందు ఇద్దరు సాక్షులు కలరు. జైరోస్కోపు యంత్రము ఎంత వేగముగా ఒరుగుచున్నదో చెప్పును. ఏ క్షణమున కా క్షణము దాని మాట నిక్కమే, కాని అణువంత పొరపాటులు కూడి కూడి కొంతసేపటికి దాని లెక్క దారి తప్పును. యాక్సెలరోమీటరు భూమ్యాకర్షణనుబట్టి క్రిందేదో మీదేదో చెప్పును. కొంతకాలముమీద చూచిన దాని మాట నమ్మదగినదే, కాని మోటార్ల అదురు తగిలినంతనే కలవరపడును. కనుక ఆ అదురును తగ్గించుట నా మొదటి పని యయ్యెను. ఒక్కొక్క ప్రొపెల్లరును సన్నని కడ్డీకి గ్రుచ్చి అడ్డముగా నిలిపి, కంసాలి త్రాసుముల్లును చూచునట్లు ఊపిరి బిగబట్టి చూచితిని. ఒక రెక్క ఎప్పుడును క్రిందికే దిగుచుండెను. పైకి లేచిన రెక్క వెనుక గోరంత టేపుముక్క అంటించితిని; అయినను దిగెను. మరి సగము ముక్క అంటించునప్పటికి, ఏ కోణమున విడిచిన ఆ కోణముననే కదలక నిలిచెను. ఆ దినమున నేను పొందిన సంతోషము తరువాత అది యెగిరిననాడు సైతము పొందలేదు.

ఒరుగు తెలిసినంతమాత్రమున నిలుకడ రాదు; ఎంత దిద్దవలెననునది వేరు ప్రశ్న. 1922లో నికొలాస్ మినోర్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు ఓడ చుక్కానిని యంత్రముచే నడపించు ఉపాయము వెదకుచు, ఆరితేరిన నావికుని చేతిని గమనించెను. ఓడ ఇప్పుడెంత తప్పినదో మాత్రమే యతడు చూడడు. ఎంతసేపటినుండి తప్పుచు వచ్చినదో తలచును, ఏ వేగమున తప్పుచున్నదో కనిపెట్టును. మా గోదావరిమీద లాంచీ నడుపు సరంగులు ఏ గ్రంథమును చదువకయే చేయునది ఇదియే. నా యంత్రమున సెకనునకు 250 మారులు జరుగు లెక్కయు ఇదియే. ఇప్పటి తప్పును చూచు మొదటి భాగమును హెచ్చించినచో అది చలిజ్వరము వచ్చినట్లు వణకెను. తగ్గించినచో మెల్లమెల్లగా తూలెను. తప్పు పెరుగు వేగమును చూచు భాగమును కొంచెముకొంచెముగా పెంచగా వణకు అణగెను.

మిగిలినది గతమును మోయు భాగము. దానివలన నాకు కలిగిన దెబ్బను మరువలేను. వాననీరు తూమునకు పోవుటకై డాబాలకు కొంచెము వాలుండును గదా. నేలమీదనున్న యంత్రము ఆ వాలును తన తప్పుగా నెంచి, దిద్దబూనెను. నేల కదలనీయదు గనుక దిద్దలేకపోయెను. దిద్దలేని తప్పు క్షణక్షణము లోపల పేరుకొనెను. నేను థ్రాటిల్ పెంచగా, కాళ్లు నేల విడిచినంతనే, ఆ పేరుకొన్నదంతయు ఒక్కసారిగా బయటపడి, యంత్రము తూమునకు ఎదురుదిక్కున తలక్రిందులై రెండు ప్రొపెల్లర్లను విరుగగొట్టుకొనెను. నేల విడుచువరకు ఆ లెక్కను సున్నగా నుంచవలెనని తరువాత తెలిసినది. స్వేచ్ఛ లేనినాటి తప్పులకు లెక్క వ్రాసికొని, స్వేచ్ఛ వచ్చిననాడు తీర్పజూచు మనుష్యులను నే నెరుగుదును. వారిపై నాకిప్పుడు కోపము లేదు.

చివరకు ఒక ఉదయమున అది సమముగా నిలిచెను. కాలువవైపునుండి పిల్లగాలి వీచుచుండెను. వడియాలకు గుడ్డ పరచుచున్న మా అమ్మ తల యెత్తి చూచి, "ఒరే నాన్నా, పిట్టగోడకేసి పోతోంది చూడు," అనెను. "ఎక్కడమ్మా, ఒరగడం లేదు కదా," అంటిని. "ఒరగడం లేదురా, జరుగుతోంది," అనెను.

ఆమె చెప్పినది అక్షరసత్యము. గాలితోబాటు సమవేగమున కొట్టుకొనిపోవుదానికి, తాను కదలుచున్నానని తెలియు మార్గము ఆ చిప్పులో లేదు. దాని సాక్షులిద్దరును లోపలివారు. లోపల ఏ లోపమును లేదు. ఉపగ్రహములనో, క్రింది నేలను చూచు కెమెరానో ఆశ్రయించు యంత్రములు కలవు. నాదానికి అవి లేవు. చిత్తము సమముగా నున్నచో మనిషి నిలిచినట్లే యని నేను చిరకాలము నమ్మితిని. కాలప్రవాహమున కొట్టుకొనిపోవుచు, లేశమైనను ఒరగక, తాను కదలలేదని మనఃపూర్తిగా నమ్మువాడు అబద్ధమాడుట లేదు. వానికి తెలియదు, అంతే. పిట్టగోడ కనబడుచోట నిలిచి చూచు మరియొకరు చెప్పినగాని తెలియదు. దువేలోని ఆ నలుగురు యంత్రమును పట్టుట మాత్రమే కాక, తమ పాదములతో దానికి నేలను గుర్తుచేయుచుండిరని నాకు తోచుచున్నది.

మరునాడు అమ్మ డాబా నడుమ ముగ్గుపిండితో ఒక చుక్క పెట్టి, దూరముగా జరిగి నిలిచెను. కాలువమీద రెక్కలాడించుచు ఒక్కచోటనే నిలుచు లకుముకిపిట్ట చూపు నీటిమీదనే యుండును. నేనును యంత్రమును చూచుట మాని, దాని నీడను చూచితిని. ఎండ అప్పుడే పైకి వచ్చుచుండెను. నీడ చుక్కనుండి బెత్తెడు తొలగెను, వ్రేలితో రిమోటు పుల్లను రవంత కదిపితిని, తిరిగి వచ్చెను. మరల తొలగెను, మరల వచ్చెను. "చుక్క దాటలేదురా," అని అమ్మ వెనుకనుండి చెప్పుచునే యుండెను, బ్యాటరీ బలము తగ్గి మోటార్ల స్వరము దిగువరకును.