డాలు ఎప్పుడు ఎత్తాలి?

దెబ్బ తగిలాక దాన్ని అడ్డుకోవడం కుదిరే పని కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మనవాళ్ళు అన్నది దాని గురించే. కానీ బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతోనే కథ నడుపుకునే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో అది కూడా కుదురుతుంది. ఆ ఆటల రూల్ బుక్కుల్లో ఆత్మరక్షణ గురించిన పేజీలు నాకు నీతిశాస్త్రంలా కనిపించడానికి కారణం ఇదే. ఎందుకో చెప్పాలంటే ముందు కొంచెం ఆట చెప్పాలి.

ఈ తరహా ఆటలకు మూలం డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. ఒకరు కథ చెబుతూ శత్రువుల తరఫున కూడా ఆడతారు, మిగతావాళ్ళది తలా ఒక పాత్ర. పోరు మొదలయ్యాక ఆట రౌండ్లుగా నడుస్తుంది. ప్రతి రౌండులోనూ అందరికీ ఒక్కో వంతు వస్తుంది. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో షీల్డ్ అని ఒక మంత్రం ఉంది. శత్రువు పాచిక పడి, దెబ్బ తగిలిందని తేలాక మాంత్రికుడు దాన్ని వాడొచ్చు. అతని రక్షణ అంకె అప్పటికప్పుడు 5 పెరుగుతుంది. ఆ పెరుగుదల తగిలిన ఆ దెబ్బకి కూడా లెక్కే. అంటే తగిలింది కాస్తా తగలనిది అయిపోవచ్చు. కాలిన చేతిని ఆకు వెనక్కి తెచ్చిచ్చిందన్నమాట.

మంత్రం రానివాడి సంగతి వేరు. అతనికి డాడ్జ్ ఉంది. తన వంతులో దాడి మానుకుని, ఒళ్ళు కాచుకుంటున్నానని ముందే ప్రకటించాలి. మళ్ళీ తన వంతు వచ్చేదాకా, అతనికి కనిపించే శత్రువు ఎవరు దాడి చేసినా ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి తక్కువ అంకె తీసుకోవాలి. మంచి రక్షణే. కాకపోతే ఆ రౌండులో అతని జోలికి ఎవరూ రాకపోతే వంతు దండగ. పక్కవాళ్ళు గొణుగుతారు కూడా: “ఊరికే నిలబడ్డావు, ఒక్క దెబ్బ వేసి ఉంటే అయిపోయేది కదా!”

నన్ను పట్టుకున్నది ఈ గొణుగుడే. బాణాలు అతనివైపు వచ్చి ఉంటే ఇదే నిర్ణయాన్ని ముందుచూపు అనేవాళ్ళు. రాలేదు కాబట్టి పిరికితనం అయింది. నిర్ణయం తీసుకున్న క్షణంలో అతనికి తెలిసినవి రెండు సందర్భాల్లోనూ ఒకటే. తర్వాత జరిగినదాన్ని బట్టి ముందటి మనిషికి పేరు పెడుతున్నాం. నిజ జీవితంలోనూ ఇంతే. ఎవరినైనా తప్పు పట్టేటప్పుడు, అందరి దగ్గరా షీల్డ్ మంత్రం ఉన్నట్టే మాట్లాడతాం. ఫలితం చూసి నిర్ణయించుకునే సౌకర్యం వాళ్ళకి ఉన్నట్టు.

మన చట్టం ఈ విషయంలో బల్ల దగ్గరి స్నేహితుల కంటే దయగలది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 102వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 40వది, శరీరాన్ని కాపాడుకునే హక్కు అపాయం ఉందన్న సహేతుకమైన భయం కలిగినప్పుడే మొదలవుతుందంటుంది. నేరం ఇంకా జరగకపోయినా సరే. దెబ్బ పడేదాకా ఆగమనదు. ఆ భయం ఎంతసేపు ఉంటే హక్కూ అంతసేపే.

ఇక పెనాల్టీలు. 1986లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ తెచ్చిన గర్ప్స్‌లో మూడు మామూలు పాచికలు వేసి, మొత్తం ఒక అంకెకు మించకుండా చూసుకోవాలి. కత్తితో దెబ్బను అడ్డుకునే సామర్థ్యం 10 ఉన్న యోధుణ్ణి తీసుకుందాం. మొదటి దెబ్బను ఆపే అవకాశం సరిగ్గా సగం. నాలుగో ఎడిషన్ ప్రకారం, అదే వంతులో అదే కత్తితో రెండో దెబ్బను ఆపబోతే 4 తగ్గుతుంది. 10 కాస్తా 6 అవుతుంది. వినడానికి చిన్న కోతే, లెక్కేస్తే అవకాశం నూటికి తొమ్మిదికి పడిపోతుంది. మూడో దెబ్బకి రెండు శాతం కూడా ఉండదు. మనిషి అతనే, నేర్చుకున్న విద్య అదే. మీద పడుతున్నవాళ్ళు పెరిగారు, అంతే. మూడో దెబ్బకి కూలినవాణ్ణి చేతగానివాడు అనడానికి ఈ లెక్క ఒప్పుకోదు. ఇంటా బయటా ఒకేసారి నాలుగు వైపుల నుంచి వచ్చినవి కాచుకుంటూ చివరిదాని దగ్గర తడబడిన మనిషిని, ఆ చివరిదొక్కటే చూసినవాళ్ళు ఏమంటారో మనకి తెలుసు.

అలాగని ఓడినవాళ్ళందరూ నిర్దోషులని కాదు. అదే గర్ప్స్‌లో ఆల్-ఔట్ ఎటాక్ ఉంది. సర్వశక్తులూ దాడిలో పెట్టేస్తే మళ్ళీ వంతు వచ్చేదాకా తప్పుకోవడం, ఆపడం ఏదీ ఉండదు. ఆ ఎంపిక చేసినవాడు తర్వాత తిన్న దెబ్బకి ఎవరినీ అనకూడదు. పెనాల్టీ మనం కొనుక్కున్నదా, మన మీద పడిందా అన్నదే అసలు తేడా. దాన్ని చెరిపేసి, ఎంత నష్టం జరిగిందో మాత్రమే చూస్తే తీర్పు తప్పుతుంది.

చిక్కు ముదిరేది ఇతరులను కాపాడే దగ్గర. అయిదో ఎడిషన్‌లో డాలు పట్టినవాడు ప్రొటెక్షన్ అనే పద్ధతి నేర్చుకుంటే పక్కనున్న స్నేహితుడి మీదికి వచ్చే దెబ్బకి అడ్డుపడొచ్చు. దానికి అతని రియాక్షన్ ఖర్చవుతుంది. రౌండుకి ఒక్కటే రియాక్షన్. మా బల్ల దగ్గర ఒకసారి ఒకతను దాన్ని ఒక గాబ్లిన్ విసిరిన ఈటెకి వాడేశాడు. కాసేపటికే వాళ్ళ నాయకుడి గొడ్డలి ఇంకో మిత్రురాలి పాత్ర మీద పడింది, ఆ పాత్ర చచ్చిపోయింది. “అంత చిన్నదానికి వాడతావా?” అని ఆవిడ అతన్ని చాలా వారాలు దెప్పింది. నాకైతే అతని తప్పు కనిపించలేదు. గొడ్డలి రాబోతోందని అతనికి ఎవరూ చెప్పలేదు. పెద్ద ఆపద కోసం దాచుకోవాలంటే, ముందున్న స్నేహితుడితో నీ గాయం నాకు చాలినంత పెద్దది కాదని చెప్పినట్టే. మొహం చూసి ఆ మాట అనడం ఎంత కష్టమో ఆవిడ ఆలోచించలేదు. ఈటె నుంచి బయటపడ్డవాడు కూడా నోరు మెదపలేదు, అది వేరే సంగతి.

1981లో ఛాంపియన్స్ అనే ఆటగా మొదలైన హీరో సిస్టమ్ దీనికి ఇంకో దారి చూపించింది. వంతు రాకముందే ప్రాణం మీదికి వస్తే, రాబోయే వంతును ఇప్పుడే ఖర్చుపెట్టి కాచుకోవచ్చు. దాన్ని అబార్ట్ అంటారు. అప్పు లాంటిదే. తర్వాత అతని వంతు వచ్చినప్పుడు కథకుడు అతన్ని దాటేసి పక్కవాణ్ణి అడుగుతాడు. ఆ కాసేపూ అతను పాచికలు చేతిలో ఆడిస్తూ కూర్చుంటాడు. అప్పుడే లోపలికి వచ్చినవాళ్ళకి, అందరూ పోరాడుతుంటే ఇతనొక్కడూ ఏమీ చేయట్లేదనిపిస్తుంది.