పిలిచినా రాని పిల్లి



పోయిన ఆదివారం వీడియో ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. మా కిట్టుగాడు తప్పిపోయాడు, అదీ సంగతి. కిట్టు అంటే మా పిల్లి. వీడియోల్లో నా వెనక పుస్తకాల అరలో పడుకుని కనిపించే నారింజ రంగు గండుపిల్లి వాడే. శరణాగతి మీద మొదటి భాగం చెప్పి, రెండో భాగంలో "పిల్లికూన, కోతిపిల్ల" న్యాయాలు చెప్తానని మీకు మాటిచ్చాను. శనివారం రికార్డు చేయాలి. శుక్రవారం పొద్దున చూస్తే పిల్లే లేదు. స్వామికి హాస్యం ఎక్కువ.

ఆ రెండో భాగమే ఇది. కెమెరా ముందు చెప్పలేని ముక్క ఒకటి ఇందులో ఉంది కాబట్టి రాస్తున్నాను.

కిట్టు పుట్టింది ఉస్మానియా క్యాంపస్‌లో. నా బీఈ చివరి ఏడాది, హాస్టల్ మెస్ వెనక గిన్నెలు కడిగే చోట దొరికాడు. అరచేతిలో పట్టేంత ఉండేవాడు. చదువు అయ్యాక వాణ్ణి చొక్కా లోపల పెట్టుకుని తార్నాక తెచ్చాను. ఇప్పుడు మెట్రో స్టేషన్‌కి నడిచివెళ్లేంత దూరంలో, ఒక గల్లీలో మొదటి అంతస్తులో ఉంటాం. నేను, అమ్మ, వాడు. పిల్లి ఎదురొస్తే అపశకునమని కామెంట్లలో రాసేవాళ్లకు అమ్మ తరఫున ఒక మాట: బెంగాల్లో పసిపిల్లల్ని కాపాడే షష్ఠీదేవికి వాహనం పిల్లే.

శుక్రవారం పొద్దున బాల్కనీ జాలీ తలుపు ఓరగా తీసి ఉంది. అమ్మ చూసింది. అప్పుడే పనికి వచ్చిన అక్కను అడిగింది: "నిన్న బాల్కనీ కడిగి తలుపు వేయలేదా?" అక్క చీపురు పట్టుకునే నిలబడింది. "ఏసిన అమ్మా, గడియ గూడ పెట్టిన." అమ్మ ఊరుకోలేదు. ఇంకో రెండు మాటలు అంది. నేను హాల్లోనే ఉన్నాను.

తలుపు తీసింది నేను. గురువారం రాత్రి పదకొండున్నరకు అమెరికా టీమ్‌తో కాల్. లోపల సిగ్నల్ సరిగా లేదని ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను, మాట్లాడుతూనే లోపలికి వచ్చేశాను. మా పనిలో ఒక అలవాటు ఉంటుంది. సర్వర్ ఆగిపోతే ముందు చివరిగా మార్పు చేసింది ఎవరో చూస్తాం. ఇక్కడ చివరి మార్పు నాది. అది నాకు ఆ నిమిషంలోనే గుర్తొచ్చింది. అయినా నోరు మెదపలేదు. "ముందు పిల్లిని వెతుకుదాం పదమ్మా" అన్నాను, చాలా బాధ్యత ఉన్నవాడిలాగా.

పిల్లులు పాత చోటికే వెళ్లిపోతాయని గల్లీలో ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని రెండు రాత్రులు క్యాంపస్ అంతా తిరిగాను. హాస్టల్ మెస్ వెనక, ఇంజనీరింగ్ కాలేజీ పార్కింగ్, ల్యాండ్‌స్కేప్ గార్డెన్ చుట్టూ. 1918లో పెట్టిన యూనివర్సిటీ అది, కొన్ని చోట్ల ఇప్పటికీ అడవిలాగే ఉంటుంది. శనివారం తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి "కిట్టూ, కిట్టూ" అని అరుస్తుంటే, వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన ఆగి "కృష్ణుణ్ణి పిలుస్తున్నారా బాబూ?" అని అడిగారు. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఎక్కడో నెమలి అరిచింది. కుక్కలు మొరిగాయి. పిల్లి మాత్రం పలకలేదు.

తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ, తార్నాకకు ఆ పేరు అలా వచ్చిందని మా వీధిలో చెప్తుంటారు. ఇప్పుడు తీగా లేదు, చౌకీ లేదు. పిల్లి ఎటు పోయిందో చెప్పేవాళ్లు ఎవరుంటారు?

శనివారం మధ్యాహ్నం కూర్చుని చదివితే తెలిసింది నేను వెతికే తీరే తప్పని. 2018లో "యానిమల్స్" అనే జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. తప్పిపోయిన 1210 పిల్లుల వివరాలు సేకరించారు. దొరికిన పిల్లుల్లో నాలుగింట మూడు వంతులు తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే దొరికాయి. ఇంట్లో పెరిగిన పిల్లి బయటపడితే ఊళ్లు తిరగదు. దగ్గర్లో ఏదో ఒక చీకటి మూలలో దూరుతుంది. భయంతో బిగుసుకుపోయి, పెంచినవాళ్లు పక్కనే నిలబడి పిలిచినా పలకదు. గొంతు గుర్తుపట్టక కాదు. పలికితే ఎక్కడున్నానో అందరికీ తెలిసిపోతుందని.

ఇది చదివాక కాసేపు లేవలేకపోయాను. పిల్లి గురించే చదువుతున్నానా అనిపించింది.

ఇప్పుడు మాటిచ్చిన విషయానికి వస్తాను. కోతిపిల్ల తల్లి పొట్టను గట్టిగా కరుచుకుని ఉంటుంది. తల్లి కొమ్మ మీంచి కొమ్మకు దూకినా పట్టు వదలదు. పట్టుకునే పని పిల్లది. ఇది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన దేన్నీ పట్టుకోదు. తల్లే వచ్చి మెడ వెనక తోలు నోట కరుచుకుని తీసుకెళుతుంది. ఇది మార్జాల కిశోర న్యాయం. భగవంతుడు మనల్ని కాపాడాలంటే మన వైపు నుంచి ఏదైనా చేయాలా, అక్కర్లేదా అన్నది ప్రశ్న. వేదాంత దేశికుల దారిలో నడిచే వడగలైవారు, కొంచెమైనా, ఒక సాకుగా అయినా మన ప్రయత్నం ఉండాలంటారు. ఆ సాకునే వ్యాజం అంటారు. పిళ్లై లోకాచార్యుల దారిలోని తెంగలైవారు, ఆయన కృపకు కారణం అక్కర్లేదు, మనం అడ్డు చెప్పకుండా ఉంటే చాలంటారు. ఇద్దరూ రామానుజుల వాళ్లే. రామకృష్ణ పరమహంస కూడా తన దగ్గరికి వచ్చేవాళ్లకు ఈ కోతిపిల్ల, పిల్లికూన పోలిక చాలాసార్లు చెప్పారు.

ఈ పోలికను నేను ఎప్పుడూ ముద్దుగానే చూశాను. తల్లి పిల్లి, నోట్లో కూన, వాట్సాప్ స్టిక్కర్‌లాగా. కానీ లోకాచార్యుల వైపు వాదంలో పదునైన ముక్క వేరే ఉంది. జీవుడు భగవంతుడి సొత్తు. సొత్తు పోతే వెతుక్కునేది ఎవరు? మీ బండి పోతే బండి మిమ్మల్ని వెతుక్కుంటూ రాదు. పోగొట్టుకున్నవాడు యజమాని, తిరిగేది ఆయన, దొరికితే సంతోషమూ ముందు ఆయనదే. మనం "దేవుణ్ణి వెతుకుతున్నాను" అని ఎంతో గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ల లెక్కలో తప్పిపోయింది మనం.

గజేంద్రుడు పిలిచాడు, స్వామి లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరిగెత్తుకొచ్చాడు. పోతన గారి పుణ్యమా అని అది తెలియని తెలుగువాడు లేడు. కానీ పిలవనివాడి సంగతేమిటి? మోటారు వెనక దూరి, గొంతు వినిపిస్తున్నా నోరు మూసుకుని కూర్చున్నవాడి సంగతి?

ఆ లోకాచార్యుల గురించి ఇంకో విషయం చెప్పి ముందుకు వెళ్తాను. 1323లో శ్రీరంగం మీద ఢిల్లీ సైన్యం దాడి చేసినప్పుడు, ముసలితనంలో ఆయన శ్రీరంగనాథుడి ఉత్సవమూర్తిని దాచి తీసుకుని అడవి దారిన వెళ్లిపోయారని సంప్రదాయం చెబుతుంది. ఆ దారిలోనే, జ్యోతిష్కుడిలో ఆయన ప్రాణం పోయింది. స్వామి మాత్రం చేతులు మారుతూ చివరికి మన తిరుమల చేరాడు. కొండ మీద రంగనాయకుల మండపం చూసి ఉంటారు. పెద్దవాళ్లకు వేదాశీర్వచనం ఇచ్చే చోటు, అది ఆయన అప్పుడు ఉన్న చోటే అంటారు. 1371లో తిరిగి శ్రీరంగం వెళ్లాడు. పిల్లికూనలాగా ఊరికే ఉంటే స్వామే మోస్తాడని జీవితమంతా చెప్పిన మనిషి, చివరికి స్వామినే నోట కరుచుకున్న తల్లిలాగా మోసుకెళ్లాడు. అవతలి పక్షం దేశికుల వారు అదే దాడిలో శవాల మధ్య పడుకుని, శ్రుతప్రకాశిక తాళపత్రాలను కాపాడారంటారు. "ఏ ప్రయత్నమూ అక్కర్లేదు" అన్న మాట సోమరులు చెప్పింది కాదని అందుకే చెబుతున్నాను.

ఆదివారం పొద్దున అక్క వచ్చీ రాగానే అంది: "తమ్మీ, పక్క బిల్డింగు సెల్లారుల మోటరు కాడ రాత్రి పెరుగన్నం పెట్టిపోయిన. పొద్దుగాల జూస్తే గిన్నె సాఫ్ ఉంది." ఆ బిల్డింగులో కూడా ఆమే పని చేస్తుంది. నేను క్యాంపస్‌లో తిరుగుతున్న రెండు రాత్రులూ, పని అయ్యాక ఆమె ఒక్కో ఇంటి మెట్ల కింద చూసుకుంటూ ఇంటికి వెళ్లిందని అప్పుడు తెలిసింది. తన చేతి తప్పు లేదు. మాట పడింది. వెతికింది.

మా బాల్కనీ నుంచి ఆ సెల్లార్ గట్టిగా 30 మీటర్లు ఉంటుంది. శుక్రవారం పొద్దున నేను అక్కడ నిలబడే వాణ్ణి పిలిచాను.

సంపు పక్కన పాత ప్లైవుడ్ ముక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. బోర్లా పడుకుని టార్చ్ వేశాను. లోపల, చెయ్యి అందీ అందనంత దూరంలో రెండు పచ్చని చుక్కలు మెరిశాయి. "కిట్టూ." కదల్లేదు. చేప ముక్క చూపించాను. కదల్లేదు. చెయ్యి లోపలికి పెడితే గీరాడు, మణికట్టు మీద ఇప్పటికీ మూడు గీతలున్నాయి. వెనక నుంచి అక్క, "మెడ పట్టు తమ్మీ, ఎనక తోలు" అంది. కళ్లు మూసుకుని తడుముతూ పట్టుకున్నాను. అంతే. మూడు రోజులు రాయిలా బిగుసుకున్న జంతువు ఒక్కసారిగా మెత్తబడిపోయింది. కాళ్లు ముడుచుకుంది, తోక పొట్టకు ఆనింది. ఆరేళ్ల గండుపిల్లి, నా చేతిలో మళ్లీ మెస్ వెనక దొరికిన కూన అయింది. అలా ఊరుకుండిపోవడం కూడా వాడు ఆలోచించి చేసింది కాదు. తల్లి పట్టుకుంటే బిగుసు వదిలేయడం పుట్టుకతోనే ఆ ఒంట్లో ఉంది.

బయటికి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. బూజు, గ్రీజు, వాసన. అక్క కొంగుతో వాడి ముఖం తుడుస్తోంది. అమ్మ అప్పటికి మెట్లు దిగి వచ్చింది. అప్పుడు చెప్పాను. "అమ్మా, ఆ తలుపు నేను తీశాను. గురువారం రాత్రి ఫోన్ మాట్లాడుతూ." గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, నాకే సరిగా వినపడలేదు.

అమ్మ ఏమీ అనలేదు. అక్క మాత్రం తల ఎత్తకుండానే, "నాకు ఎర్కే తమ్మీ" అంది. శుక్రవారం పొద్దున బాల్కనీ గోడ మీద నా కాఫీ కప్పు చూసిందట. ముందు రోజు సాయంత్రం ఆమె కడిగి వెళ్లినప్పుడు అది అక్కడ లేదు. కప్పు తీసి కడిగి లోపల పెట్టేసింది. ఎవరితోనూ అనలేదు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వే చెప్తవనుకున్న."

పైకి వచ్చాక అమ్మ ముగ్గురికీ టీ పెట్టింది. అక్క ఎప్పుడూ వంటింటి గడప దగ్గర తాగేది, ఆ రోజు అమ్మ కుర్చీ లాగి కూర్చోబెట్టింది. "తొందరపడి మాట అన్నాను, మనసులో పెట్టుకోకు" అంది. అక్క "పోనీయమ్మా" అంది. అంత తొందరగా పోనీయడం ఆమెకు కుదిరిందో లేదో నాకు తెలియదు, అడిగే ముఖం కూడా లేదు.

ఇక మీ తెంగలై, వడగలై సంగతి. మా ఇంట్లో అది ఇంకా తేలలేదు. అమ్మ అంటుంది, అక్క గిన్నె సంగతి చెప్పకముందే, ఆదివారం తెల్లారుజామున తను బాల్కనీలో తులసికి నీళ్లు పోస్తుంటే పక్క సెల్లార్ నుంచి సన్నగా ఒక్క మూలుగు వినపడిందని. అంటే వాడు పిలిచాడు, అదే వ్యాజం, దేశికుల వారే గెలిచారని. అక్కేమో పిల్లి మూడు రోజులూ నోరు తెరవలేదంటుంది. గిన్నె ఖాళీ అయింది కదా, తినడం కూడా ప్రయత్నమే కదా అని నేను అడ్డొస్తే, "ఆకలైతే తినదా మరి" అని ఇద్దరూ నా మీదే పడ్డారు.

కిట్టు అరలో రామానుజుల పుస్తకం మీద పడుకుని నిద్రపోతున్నాడు. జాలీ తలుపుకి ఇంకో గడియ పెట్టించాను. మూడో భాగం వచ్చే ఆదివారం రికార్డు చేస్తాను, ఈసారి అక్కను కూడా కూర్చోమని అడిగాను. కెమెరా ముందుకు రానంది, కెమెరా వెనక కూర్చుని వింటానంది.