సణుగుడు విన్న అపొస్తలులు

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 6:1-7



మనము ధ్యానించబోయే ఈ భాగము మీలో చాలామందికి డీకన్ల ప్రతిష్ఠ రోజున చదివే భాగముగానే తెలుసు. అయితే ఇది మొదలయ్యేది ఒక నిందతో. శిష్యుల సంఖ్య పెరుగుతున్న దినములలో గ్రీకుభాష మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని వారి ఫిర్యాదు. సూటిగా చెప్పాలంటే, "మీరు పక్షపాతులు" అన్నారు. పెంతెకొస్తు దీవెన పొందిన సంఘములోనే ఈ మాట పుట్టింది.

ఇప్పుడు మన దేశములో, అనుమతి లేకుండా సరిహద్దు దాటి వచ్చినవారి సంగతి ఎక్కడ ఎత్తినా ఇదే నింద వినబడుతున్నది. "వాళ్లను పంపివేయాలి" అన్నవానికి "నీది మతద్వేషము" అని జవాబు. "వాళ్లూ మనుషులే గదా" అన్నవానికి "నీవు దేశద్రోహివి" అని జవాబు. అక్కడితో అసలు సంగతి ఆగిపోతుంది. ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఎవరి కూలి తగ్గింది, ఎవరిని పొరపాటున పట్టుకున్నారు, ఇవేవీ ఎవరూ అడగరు. మాట్లాడినవాని హృదయము మీద విచారణ మొదలవుతుంది. హృదయములను పరిశోధించే పని దేవుడు తన దగ్గరే ఉంచుకొన్నాడు, మనకు అప్పగించలేదు.

ఈ తప్పు నేనే చేశాను గనుక చెప్పుచున్నాను. 2020లో లాక్‌డౌన్ పెట్టిన నెలలలో ఇక్కడ మహారాష్ట్రలో మా సంఘము బియ్యము, పప్పు, నూనె సంచులు కట్టి పంచింది. మందిరము వెనుక కట్టుబడి పని జరిగే చోట రేకుల షెడ్లలో బెంగాలీ మాట్లాడే కూలీలు చిక్కుకొని ఉన్నారు. వారికీ ఇచ్చాము. ఒక రోజు యువ డీకను ఒకరు, "అయ్యగారూ, షెడ్లకు ఎన్ని సంచులు వెళ్తున్నాయి? మన విధవరాండ్రకు అందినాయో లేదో ఎవరైనా చూశారా? వాళ్లలో కొందరికి కాగితాలు కూడా లేవంటున్నారు" అని అడిగాడు. నేను అందరి ఎదుట, "తమ్ముడూ, ఒకప్పుడు మన తాతలను ఈ ఊరు విడిచి పొమ్మన్నవాళ్లు మాట్లాడిన మాటలే నీవు మాట్లాడుతున్నావు" అన్నాను. అతడు చేతిలోని సంచి కింద పెట్టి వెళ్లిపోయాడు. అయ్యగారు బీదల పక్షమున నిలబడ్డారని అందరూ అనుకొన్నారు. నేనూ అలాగే అనుకొన్నాను.

పది రోజుల తరువాత తెలిసింది. మన ఇద్దరు విధవరాండ్రకు ఒక్క సంచి కూడా అందలేదు. వారు ఇల్లు మారారు, మా జాబితా పాతది. అతడు అడిగింది లెక్క. నేను తీర్పు తీర్చింది అతని మనస్సు మీద.

అవే దినములలో మరొక పెద్దాయన, "షెడ్లలో ఉన్నవాళ్లంతా బంగ్లాదేశ్ వాళ్లే, పోలీసులకు చెప్పాలి" అని పట్టుబట్టాడు. మేము వెళ్లి అడిగితే వారు ఓటరు కార్డులు తెచ్చి చూపించారు. పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లా. నా నిందా అబద్ధమే, ఆయన నిందా అబద్ధమే. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యము పలుకరాదన్న ఆజ్ఞ (నిర్గమ. 20:16) మా ఇద్దరికీ సమానముగా తగిలింది. ఆ పెద్దాయన అన్న మాట చిన్నదని అనుకోకండి. 2025లో మన ముంబయి ప్రాంతములో పని చేసుకుంటున్న కొందరు పశ్చిమ బెంగాల్ కూలీలను ఇలాగే బంగ్లాదేశీయులని పట్టుకొని సరిహద్దు దాటించారు. భారత పౌరులని తేలిన తరువాత వెనుకకు తీసుకువచ్చారు.

ఇప్పుడు అపొస్తలులు ఏమి చేశారో చూడండి. "మూడున్నర ఏండ్లు ప్రభువుతో నడిచిన మమ్మును పక్షపాతులంటారా?" అని వారు కోపగించుకోలేదు. "బయటి ఊళ్లనుండి వచ్చినవారు, పెట్టింది తినండి" అనలేదు. అలాగని హెబ్రీయులందరూ దుర్మార్గులని ఒప్పుకోలునూ రాయలేదు. సంఘమంతటినీ పిలిచి బల్ల దగ్గరకు వెళ్లారు. ఎవరికి అందుతున్నది, ఎవరికి అందడము లేదు? మంచిపేరు పొందినవారిని ఏడుగురిని ఏర్పరచుకొనుమన్నారు. ఆ ఏడు పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అందులో నీకొలాసు పుట్టుకతో యూదుడైనా కాడు. ఆ విధవరాండ్రను హెబ్రీయులు కావాలని విడిచిపెట్టారా, పొరపాటున విడిచిపెట్టారా? లూకా ఆ మాట రాయనే లేదు. రాయవలసిన అవసరము ఆయనకు కనబడలేదు. భోజనము అందింది, దేవుని వాక్యము ప్రబలింది.

పక్షపాతమనే నింద అన్నిసార్లూ అబద్ధమని నేననడము లేదు. మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లి చేసికొన్నందుకు మిర్యాము, అహరోను అతనికి విరోధముగా మాట్లాడారు (సంఖ్యా. 12). దేవుడు దానిని ఇంటి గొడవగా విడిచిపెట్టలేదు, మిర్యాముకు కుష్ఠు వచ్చింది. అయితే నాలుగు అధ్యాయములు దాటితే కోరహు వస్తాడు. సమాజమంతా పరిశుద్ధమే గదా, మీరెందుకు హెచ్చించుకొంటున్నారని మోషేను నిలదీస్తాడు. వినడానికి ఎంతో న్యాయమైన మాట. లోపల ఉన్నది యాజకత్వము మీద ఆశ. ఒకే రకమైన నింద ఒకచోట నిజము, ఒకచోట ఎర. విచారించకుండా ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

విచారణ లేని నింద ఎంత దూరము పోతుందో అస్సాంలో చూస్తాము. 1979 నుండి 1985 వరకు అక్కడ అక్రమ వలసల మీద ఉద్యమము నడిచింది. 1983 ఫిబ్రవరి 18న నెల్లీ ప్రాంతములో ఒక్క రోజులో, ప్రభుత్వ లెక్క ప్రకారమే, 1800 మందికి పైగా చంపబడ్డారు. వారిలో ఎక్కువమంది బెంగాలీ మూలముగల ముస్లిములు. కాబట్టి ద్వేషమనేది ఎవరో కల్పించిన మాట కాదు. అయినా భూమి పోతుందని, భాష పోతుందని భయపడిన ప్రతి అస్సామీ రైతూ హంతకుడు కాడు. అతని భయానికి మతోన్మాదమని పేరు పెట్టి పక్కన పెట్టినవారు ఉన్నారు. అతడు పోయి ఎవరి మాట విన్నాడో ఊహించండి. మర్యాదస్థులు తలుపు వేసినప్పుడు తలుపు తీసి ఉంచేది నిజముగా ద్వేషించేవాడే.

1983లో చేసిన చట్టము, ఒకడు విదేశీయుడని నిరూపించే భారమును నింద వేసినవారి మీదనే పెట్టింది. దానివలన అక్రమముగా వచ్చినవారు తప్పించుకుంటున్నారని కొందరు, దానిని తీసివేస్తే నిజమైన పౌరులు నలిగిపోతారని మరికొందరు వాదించారు. 2005లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 1985 ఆగస్టు 15న కుదిరిన ఒప్పందము 1971 మార్చి 24ను గడువు తేదీగా పెట్టింది. ఆ తేదీని బట్టి తయారైన పౌరుల జాబితా 2019 ఆగస్టు 31న బయటికి వచ్చింది. 3 కోట్ల 30 లక్షలమంది దరఖాస్తు చేసుకుంటే 19,06,657 మంది పేర్లు లేవు. ఇంతేనా అని ఒక పక్షము, ఇంతమందా అని ఇంకొక పక్షము, ఇద్దరూ అసంతృప్తి పడ్డారు. అదే సంవత్సరము, మన సైన్యములో 30 ఏండ్లు పనిచేసి రిటైరైన ఒకాయనను విదేశీయుడని నిర్బంధములో పెట్టారు. హైకోర్టు బెయిలు ఇస్తే బయటికి వచ్చాడు.

మనవంటి బాప్టిస్టు ఇంటిలో పుట్టిన ఒక స్త్రీ ఈ చిక్కు ప్రశ్నను అమెరికాలో మోసింది. బార్బరా జోర్డాన్. హ్యూస్టన్‌లో నల్లజాతి కుటుంబములో 1936లో పుట్టింది, తండ్రి బాప్టిస్టు బోధకుడు. జాతి వివక్ష అంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. వలస విధానమును పరిశీలించే జాతీయ కమిషన్‌కు 1996 జనవరిలో చనిపోయేవరకు ఆమే అధ్యక్షురాలు. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు, అనుమతి లేకుండా ఉంటున్నవారికి ప్రభుత్వ పాఠశాలలను, అత్యవసరము కాని వైద్యమును నిలిపివేసే ప్రతిపాదనను గెలిపించారు. తరువాత న్యాయస్థానము దానిని ఆపింది. దేశమంతా ఒకరినొకరు జాతిద్వేషులని, చట్టద్రోహులని తిట్టుకొంటున్న కాలమది. అప్పుడు ఆమె సెనేటు కమిటీ ముందు, వలసను అదుపు చేయాలనేవారందరినీ వలసవారికి శత్రువులని పిలవడము సరికాదని చెప్పింది. ఆమె కమిషనే వలసవారి మీద ద్వేషమును, వివక్షను గట్టిగా ఖండించింది. అనుమతి లేనివారికి అక్కడ పుట్టిన పిల్లల పౌరసత్వము తీసివేయాలని 1995లో కొందరు కోరితే కూడదని వాంగ్మూలము ఇచ్చింది. ఆమె చెప్పిన పరిష్కారములన్నీ సరైనవని నేననను. రెండు వైపులా మాట పడడానికి ఆమె సిద్ధపడింది, అది నాకు ముఖ్యము.

యానాము సంఘస్థులకు ఇంకొక సంగతి. మీ పక్కనున్న కోరంగి రేవు పేరుమీదనే బర్మాలో మనవారిని కొరంగీలని తక్కువగా పిలిచేవారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పెట్టుకొన్నారు. సమ్మె తీరి మనవారు తిరిగి రాగానే వారిని పంపేశారు. అల్లర్లు లేచి తెలుగువారు అనేకులు చంపబడ్డారు. మనవారు అక్రమముగా వెళ్లినవారు కారు, 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలోనిదే. వారిని చంపింది ద్వేషమే. పని పోయిన బర్మా కూలీ ఆకలి కూడా నిజమే.

ఆ జాబితా సంగతి తెలిసిన సాయంకాలమే నేను ఆ డీకను ఇంటికి వెళ్లాను. తప్పు ఒప్పుకొందామని దారిలో మాటలన్నీ సిద్ధము చేసుకొన్నాను. అతని భార్య టీ ఇచ్చింది. నేను నోరు తెరవకముందే అతడు, "అయ్యగారూ, ఆ ఇద్దరమ్మలకు బియ్యము అందినాయా?" అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఇచ్చి వచ్చామని చెప్పాను. "షెడ్లలో వాళ్లకో?" అన్నాడు. ఇంకా నాలుగు రోజులకు ఉన్నాయన్నాను. అతడు లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకము, పెన్ను తెచ్చి నా ముందు కూర్చున్నాడు. రాత్రి తొమ్మిదింటివరకు ఇద్దరము కూర్చొని, రెండు చోట్ల పేర్లూ మొదటినుండి మళ్లీ రాశాము.