పసివాళ్ళు నడవగలిగినంత మెల్లగా

ఈ రోజు చదవవలసిన భాగం: ఆదికాండము 33:1–14

ఎదురింటి పాప లేచి నిలబడిందట. వాళ్ళమ్మ వీడియో పంపింది. సోఫా అంచు పట్టుకుని, మోకాళ్ళు వణుకుతున్నా పడకుండా నిలబడి నవ్వుతోంది పాప. నీ బాబు ఆ పాప కంటే కొన్ని రోజులు పెద్దవాడే. వాడింకా పొట్ట మీదే జరుగుతున్నాడు. "ఎంత ముద్దుగా ఉందో" అని జవాబు రాశావు. మనసారానే రాశావు. కానీ ఫోన్ పక్కన పెట్టాక నిద్ర పట్టలేదు.

చెల్లెమ్మా, పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్ర ఎలాగూ తక్కువే. రాత్రి రెండింటికి పాలు, నాలుగింటికి మళ్ళీ ఏడుపు, కాస్త తెల్లవారేసరికి ఖైరతాబాద్ చౌరస్తాలో హారన్ల మోత. దొరికే ఆ కాసింత నిద్రను కూడా ఈ లెక్కలు తినేస్తున్నాయి కదా? ఎవరి బిడ్డకు ఎన్నో నెలలో పన్ను వచ్చింది, ఎవరి బిడ్డ "తాత" అంది, ఎవరి బిడ్డ గడప దాటింది.

అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద "ఇంకా పాకడం లేదా?" అని అడిగే అక్క, బిడ్డను ఎత్తుకుని ముద్దు పెట్టుకునే అడుగుతుంది. అయినా ఆ మాట ఇంటికొచ్చాక కూడా నిన్ను వదలదు. అన్నం కలుపుతుంటే గుర్తొస్తుంది. బిడ్డకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తుంటే గుర్తొస్తుంది. నా పాలు చాలడం లేదా? నేనేమైనా తక్కువ చేస్తున్నానా? ఇలా నిన్ను నువ్వే ఎన్నిసార్లు నిలదీసుకున్నావో దేవునికి తెలుసు.

ఈ రోజు నిన్ను యాకోబు దగ్గరకు తీసుకెళ్తాను. ఇరవై ఏళ్ళ తర్వాత అన్నదమ్ములు కలుసుకున్నారు. ఏశావు వెంట నాలుగు వందల మంది మగవాళ్ళు ఉన్నారు. ఇక బయలుదేరుదాం, కలిసి పోదాం అన్నాడు ఏశావు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు లేతవాళ్ళని చెప్పాడు. మందలో పాలిచ్చే తల్లులున్నాయని, ఒక్క రోజు గట్టిగా తోలినా అవి దక్కవని చెప్పాడు. నువ్వు ముందు వెళ్ళన్నా, నేను వీళ్ళు నడవగలిగినంత మెల్లగా వస్తాను అన్నాడు.

ఏశావును తప్పించుకోవడానికి యాకోబు చెప్పిన సాకు ఇది అనే బోధకులు ఉన్నారు. ఆ తర్వాత ఆయన ఏశావు ఉండే శేయీరుకు వెళ్ళకుండా సుక్కోతులో ఆగిపోయాడు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. అయినా ఆ జవాబులో నాకు వినిపించేది, ఏళ్ళ తరబడి మందను కాచినవాడి అనుభవం. పాలిచ్చే తల్లిని తొందరపెడితే ఏమవుతుందో ఆయన కళ్ళారా చూశాడు.

ఇంకొక సంగతి గమనించావా? ఆ రోజు యాకోబు కూడా కుంటుతున్నాడు. ముందటి రాత్రే పెనూయేలు దగ్గర ఆయన తొడ గూడు వసిలింది. పిల్లల కోసం మెల్లగా నడుస్తానన్నవాడికి తనకూ మెల్లగా నడవాల్సిన అవసరం ఉంది.

నీకూ ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో ప్రతి పది కాన్పుల్లో ఆరు ఆపరేషన్లే. కుట్ల నొప్పి పూర్తిగా తగ్గకముందే బిడ్డను ఎత్తుకుని, మెట్లెక్కి, నీళ్ళు పట్టి, వచ్చినవాళ్ళకు టీ పెట్టి ఇచ్చిన తల్లులు ఈ గల్లీల్లో ఎంతమందో. మామూలు కాన్పయినా ఒళ్ళు కుదుటపడటానికి సమయం కావాలి. బిడ్డ పుట్టినప్పటి నుంచి అందరూ బిడ్డ సంగతే అడిగారు. నువ్వెలా ఉన్నావని ఆఖరిసారి ఎవరడిగారు?

దేవుడు అడుగుతున్నాడు. ఆ రోజు ఆయన నాలుగు వందల మంది మగవాళ్ళతో ముందుకు వెళ్ళిపోలేదు. చంకలో బిడ్డలతో, వెనకబడిన గొర్రెలతో, కుంటుతున్న తండ్రితో మెల్లగా కదిలిన ఆ గుంపుతోనే నడిచాడు. హోషేయ ప్రవక్త పదకొండో అధ్యాయంలో దేవుడు తనను గురించి తానే చెప్పుకుంటాడు, తన జనానికి చెయ్యి పట్టి నడక నేర్పానని. వేలు అందించి వంగి నడిచేవాడికి నడుము ఎంత లాగుతుందో నీకు తెలుసు. అలా వంగినవాడు బిడ్డను ఈడ్చుకుపోడు.

మన పెద్దవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేసి వాడంతా పంచేవారు. ఈ పండుగలకు క్యాలెండరులో తేదీ లేదు. బిడ్డ ఎప్పుడు బోర్లా పడితే అప్పుడే బొబ్బట్లు. పక్కింటి బిడ్డకు నాలుగో నెలలో పంచారు, నీ బిడ్డకు ఆరో నెలలో పంచారు. రుచిలో ఏమైనా తేడా ఉందా?

వైద్యులు చెప్పేదీ దీనికి దూరంగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి, 2006లో ఆ లెక్కలు ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే కొందరు 8 నెలలకు సొంతంగా అడుగులేశారు, కొందరికి 17 నెలలు దాటింది. నూటికి నలుగురైతే చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడకకు వచ్చేశారు. అంతమందికీ చోటున్న ఆ వరసలో నీ బాబుకు చోటు లేకుండా పోతుందా?

అయితే ఒక మాట. దేవుణ్ణి నమ్మడమంటే డాక్టరును అడగకుండా ఉండటం కాదు. తొమ్మిది నెలలు నిండినా బిడ్డ ఆసరా లేకుండా కూర్చోలేకపోతుంటే, పిలిచినా చప్పుడైనా తిరిగి చూడకపోతుంటే, నేర్చుకున్నది మానేస్తే తప్పకుండా అడగాలి. వెంటనే అడగాలి. ఎవరేమనుకుంటారోనని వెనకాడకు. సాయం అందేలా దేవుడు ఎప్పుడో ఏర్పాట్లు చేసి ఉంచుతాడు. ఆ ఏర్పాట్లలో ఒకటి మీ ఇంటికి దగ్గర్లోనే ఉంది.

ఖైరతాబాద్ నుంచి లక్డీకాపూల్ దాటి రెడ్‌హిల్స్ వైపు తిరిగితే నిలోఫర్ ఆసుపత్రి. నిలోఫర్ ఒట్టోమాన్ రాజవంశపు ఆడపడుచు. 1931లో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజ్జంజాను పెళ్ళాడి హైదరాబాద్ వచ్చారు. అబిడ్స్ దగ్గర మనం పళ్ళు కొనుక్కునే మొజ్జంజాహీ మార్కెట్ ఆయన పేరు మీద కట్టిందే. నిలోఫర్‌కు పిల్లలు కలగలేదు. 1949లో ఆమె పరిచారిక రఫత్ కాన్పులో చనిపోయింది. పనిమనిషి చావు ఆ రోజుల్లో రాజభవనాల్లో పెద్ద వార్తేమీ కాదు. కానీ నిలోఫర్ ఆ చావును దాటి ముందుకు వెళ్ళలేకపోయారు. తల్లులకు, పసిబిడ్డలకు నగరంలో ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టారు. 1953 నాటికి అది తెరుచుకుంది. తర్వాత ఆమె యూరప్‌లోనే స్థిరపడి 1989లో పారిస్‌లో కన్నుమూశారు.

ఆమె మన సంఘస్థురాలు కాదు, మన కీర్తనలు ఆమెకు తెలియవు. అయినా తనకు బిడ్డ లేని ఆ స్త్రీ మనసులో పరాయి బిడ్డల మీద అంత జాలి పుట్టించినది ఎవరంటే, నేను దేవుడనే చెబుతాను. ఈ రోజుకీ పల్లెల నుంచి బస్సు దిగి, నాంపల్లిలో రైలు దిగి, ఒళ్ళో బిడ్డతో అక్కడికి వచ్చే తల్లులున్నారు. వాళ్ళు పుట్టకముందే వాళ్ళ కోసం అక్కడ ఒక తలుపు తెరిచి ఉంది. నీ బిడ్డ కోసం ఇంకా ఏమేమి సిద్ధం చేశాడో నీకు కనబడకపోవచ్చు. అంత మాత్రాన ఆయన చేయలేదని కాదు.

మరి ఈ రోజు ఏం చేద్దాం? పెద్ద తీర్మానాలు వద్దు, మోయలేవు. ఈ ఒక్క రోజు ఎవరి బిడ్డ వీడియో పక్కనా నీ బిడ్డను నిలబెట్టకు. బాబు నిన్న చేయనిది ఈ రోజు ఏం చేశాడో చూడు. గిలక్కాయ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చాడా? నువ్వు గది దాటితే వెతుక్కున్నాడా? దానికి స్తోత్రం చెప్పు. రాత్రి ఒకసారి బిడ్డను మీ ఆయన ఎత్తుకోవాలని పగలే చెప్పు. అర్ధరాత్రి అలసిపోయి చెబితే అది గొడవగా మారుతుంది. అమ్మ వస్తానంటే రమ్మను, మొహమాటపడకు.

ప్రార్థన: తండ్రీ, నా బిడ్డ నడకకు తగ్గట్టు నడిచే ఓపిక నాకివ్వు. నేను అలసిపోయిన చోట నువ్వు ఆగుతావని నమ్ముతున్నాను. నా బిడ్డను ఇంకొకరి బిడ్డతో కొలిచే అలవాటు నాలోంచి తీసివేయి. నా భయం దాచుకోకుండా అడగవలసినవాళ్ళను అడిగే ధైర్యం ఇవ్వు. యేసు నామంలో, ఆమేన్.

బాబుకు తొమ్మిదో నెల తట్టు టీకా ఇంకా వేయించకపోతే, వచ్చే బుధవారమో శనివారమో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళు చెల్లెమ్మా. ఏ నెలకు బిడ్డ ఏం చేయగలగాలో బొమ్మలతో సహా టీకాల కార్డులోనే ఉంటుంది, ఒకసారి తీసి చూడు. నీ మనసులో ఉన్న ప్రశ్నను కాగితం మీద రాసి ఆ కార్డులో పెట్టుకుని వెళ్ళి, అక్కడ అడిగేసి రా.