నొప్పిని దాచుకోవడం ఓర్పు కాదు



తడ చుట్టుపక్కల, పులికాట్ ఒడ్డు పల్లెల్లో మోకాళ్లు పట్టుకుని లేచే అమ్మలను చూస్తూనే ఉంటాం. ఏళ్ల తరబడి నీళ్లలో వంగి రొయ్యలు ఏరిన నడుములు అవి. "ఆస్పత్రికి పోరాదా అమ్మా?" అని అడిగితే, "ఏం చేసేది నాయనా, నా ఖర్మ. ఓర్చుకోవాల్సిందే" అంటారు. శ్రీసిటీలో షిఫ్టంతా నిలబడి పనిచేసే పిల్లలు కూడా, సెలవు పెడితే జీతం పోతుందని కాళ్ల నొప్పి ఇంట్లో చెప్పరు.

ఈ ఓర్పును మనం మెచ్చుకుంటాం. కానీ బుద్ధుడు చెప్పిన ఓర్పు ఇదేనా?

నొప్పి అంతా పూర్వకర్మేనా?

శివకుడు అనే పరివ్రాజకుడు ఒకసారి బుద్ధుణ్ణి ఇదే ప్రశ్న అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలితమే అని కొందరు అంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. వేదనకు 8 కారణాలు చెప్పాడు: పిత్తం, కఫం, వాతం, ఈ మూడూ కలిసి చెడటం, రుతువు మారడం, శరీరాన్ని సరిగా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం, చివరగా కర్మ. అంటే ఎనిమిదింటిలో కర్మ ఒకటి మాత్రమే. అన్నీ కర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ, లోకం ఎరిగిన సత్యాన్నీ దాటిపోతున్నారని ఆయన అన్నాడు.

నడుము నొప్పికి బరువులు కారణం కావచ్చు, వయసు కారణం కావచ్చు, తిండి చాలకపోవడం కారణం కావచ్చు. కారణం ఉందంటే వెతకాలి. "ఖర్మ" అన్న మాటతో ఆ వెతుకులాట ఆగిపోతుంది. పైగా "నేను ఏదో పాపం చేసుంటాను" అనే బాధ కూడా నెత్తిన పడుతుంది.

బుద్ధుడికీ నడుము నొప్పి వచ్చింది

ముసలితనంలో బుద్ధుడికి నడుము నొప్పి ఉండేది. ఒకసారి పెద్ద సభలో, నా నడుము నొప్పిగా ఉంది, నువ్వు మాట్లాడు అని సారిపుత్తుడికి అప్పగించి తాను పడుకున్నాడు. తథాగతుడే నొప్పి ఉందని నలుగురిలో చెప్పుకున్నప్పుడు, మనకెందుకు సిగ్గు? వైద్యుడు జీవకుడు ఆయనకు మందు ఇచ్చాడు, ఆయన పుచ్చుకున్నాడు. భిక్షువుకు అవసరమైన నాలుగింటిలో బట్ట, తిండి, నివాసంతో పాటు మందు కూడా ఉంది.

వినయంలో, సేవ చేయడానికి అనువైన రోగికి 5 గుణాలు చెప్పారు. తనకు పడేదే చేయడం, అందులోనూ మితం తెలియడం, మందు వేసుకోవడం, రోగం పెరిగిందా తగ్గిందా అలాగే ఉందా అనేది సేవ చేసేవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పడం, నొప్పిని ఓర్చుకోవడం. చూశారా? ఓర్పు ఉంది. కానీ మందు పక్కన, నిజం చెప్పడం పక్కన ఉంది. ఆ రెంటినీ వదిలేసి ఓర్పు ఒక్కటే పట్టుకుంటే అది ధమ్మం కాదు.

రెండు బాణాలు

శరీరానికి తగిలే నొప్పి మొదటి బాణం. "నాకే ఎందుకు, ఇక నేను పనికిరాను, ఇంటికి బరువైపోయాను" అని కుమిలిపోవడం రెండో బాణం. మొదటిదానికి వైద్యం కావాలి. రెండోదానికి ఎరుక కావాలి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. గుండెలో నొప్పి వస్తే కళ్లు మూసుకుని కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అయితే ఎరుక వైద్యానికి కూడా తోడవుతుంది. నొప్పి ఎక్కడ మొదలైంది, ఏ పని చేస్తే పెరుగుతోంది, రాత్రి ఎలా ఉంది అని రోజూ గమనించినవాళ్లే డాక్టరుకు సరిగా చెప్పగలరు. గమనిస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది: నొప్పి ఒకేలా ఉండదు, వస్తుంది, పెరుగుతుంది, తగ్గుతుంది. వైద్యంతో పూర్తిగా పోని నొప్పితో బతకాల్సినవాళ్లకు ఈ చూపే పెద్ద ఆసరా.

మధ్యమ మార్గం

ఒక అంచున, ఏళ్లపాటు దాచుకోవడం ఉంది. ఇంకో అంచున, ప్రతి నొప్పికీ సూది వేయించుకోవడం, షాపులో నొప్పి బిళ్లలు కొని నెలల తరబడి మింగడం ఉంది. డాక్టరు చెప్పకుండా అలా వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఒళ్లు నొప్పులని సాయంత్రం "మందు" కొట్టడం అయితే పంచశీలలో ఐదోదాన్ని తప్పడమే. దానితో నొప్పి తగ్గదు, తెల్లారేదాకా మరుపు వస్తుందంతే.

మనం చేయగలిగింది

విరేచనాలతో పడి ఉన్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయండి అని అప్పుడే బుద్ధుడు చెప్పాడు. ఆ మాటను అశోకుడు పాలనలోకి తెచ్చాడు. మన రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామని, మూలికలు లేనిచోట తెప్పించి నాటించామని వాటిలో రెండో శాసనం చెబుతుంది. చోళ, పాండ్య దేశాలను కూడా అది కలుపుకుంది. వైద్యానికి సరిహద్దు లేదన్నమాట.

కాబట్టి ఈ పున్నమికి ఒక పని పెట్టుకుందాం. ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, "ఎక్కడ నొప్పిగా ఉంది?" అని అడుగుదాం. "ఏం లేదులే" అంటే మళ్లీ అడుగుదాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తోడు వెళదాం. ఒక పూట కూలి పోతుంది, నిజమే. ఆ కూలి నష్టాన్ని అమ్మ ఒక్కతే మోయకుండా ఇంటిల్లిపాదీ పంచుకోవడం కూడా దానమే.

నమో బుద్ధాయ.