రోమాలు చూశాకే రాయి తల్లీ

తల్లీ, పండ్ల ఈగల ల్యాబ్‌లో చేరావని విని ఎంత సంబరపడ్డానో! కొత్తలో అందరికీ కంప్యూటర్ ముందు కూర్చుని డీఎన్‌ఏ వరుసలు చదవాలనే తొందర ఉంటుంది. చదువు, వద్దనను. ముందు మాత్రం ఈగను చూడు, తల నుంచి కాళ్ల కొసల దాకా, ఓపిగ్గా.

ఎల్లో జన్యువునే తీసుకో. ఈగకు నల్లరంగు పట్టాలంటే అది పనిచేయాలి. వై1 రకంలో ప్రొటీన్ మొదలయ్యే చోటే, ఏటీజీలో, ఒక్క అక్షరం మారింది. ఒళ్లు, రెక్కలు, రోమాలు అన్నీ పసుపే. పక్కనే వై2 ఈగను పెట్టు. దానికీ ఒళ్లు పసుపు, రెక్కలు పసుపు. రెండూ ఒకటేనని రాసేయబోతావు. ఆగి, లెన్స్ పెంచి, వీపు మీది పెద్ద రోమాలు చూడు. నల్లగా నిగనిగలాడుతుంటాయి! (గూడు వీడిన కాసేపటి దాకా ఏ ఈగైనా పాలిపోయే ఉంటుంది, ఒక రోజు ఆగి చూడు.)

జన్యువు చెడితే రోమాలకు నలుపెలా వచ్చింది? చెడలేదమ్మా. రెక్కల్లోనూ ఒంట్లోనూ దాన్ని పలికించే ఎన్‌హాన్సర్లు జన్యువుకు ముందువైపు ఉన్నాయి. రోమాలది ఇంట్రాన్‌లో ఉంది. వై2లో జిప్సీ అనే గెంతే డీఎన్‌ఏ ముక్క వచ్చి, జన్యువు మొదలుకు సుమారు 700 బేస్‌ల ముందు చేరింది. దాని మీద సు(హెచ్‌డబ్ల్యూ) అనే ప్రొటీన్ అంటుకుని, అవతలి ఎన్‌హాన్సర్ల ప్రభావం ప్రమోటర్‌కు చేరనివ్వదు. ఇంట్రాన్‌లోది ఇవతల ఉంది కనుక దానికి అడ్డే లేదు. ఆ ప్రొటీన్ లేకుండా చేస్తే, జిప్సీ అక్కడే ఉన్నా నలుపు తిరిగొస్తుంది. నన్నడిగితే జన్యుశాస్త్రంలో ఇంతకన్నా ముచ్చటైన రుజువు అరుదు. ఒక్కో అవయవానికి ఒక్కో నియంత్రణ ముక్క ఉందని పమేలా గైయర్, విక్టర్ కోర్సెస్ 1987లో చూపించారు.

అందుకే, జన్యువు పనిచేయడం లేదని నోట్‌బుక్‌లో రాసేముందు, ఎక్కడ, ఏ దశలో అని అడుగు.

ఏదైనా డీఎన్‌ఏ ముక్క ఎన్‌హాన్సరేమోనని అనుమానం వస్తే, దానికి చిన్న ప్రమోటర్‌నూ లాక్‌జెడ్ జన్యువునూ కలిపి ఈగలో పెడతావు కదా, ఎక్స్‌గాల్ పోస్తే అది పలికిన చోట నీలం వస్తుంది. ఒక్క లైన్ చూసి నమ్మకు. పీ ఎలిమెంట్ అనే మరో గెంతే డీఎన్‌ఏతో చొప్పిస్తే, నీ ముక్క ఎక్కడ పడిందో ఆ చుట్టుపక్కల ప్రభావం కూడా దాని మీద ఉంటుంది. నాలుగైదు లైన్లలో ఒకే తీరు కనిపిస్తేనే అది ముక్క గుణం. పేగులో నీలం కనబడితే మరీ జాగ్రత్త. లాక్‌జెడ్ ఇచ్చే బీటా గెలాక్టోసిడేజ్ లాంటిదే ఈగకు సొంతంగానూ ఉంటుంది, నడిపేగు దానంతటదే నీలమవుతుంది. ఆ ముక్క లేని ఉత్త ప్రమోటర్ ఈగలకు కూడా అదే రోజు, అదే ద్రావణంతో రంగు వేసి పక్కన పెట్టుకో.