రక్షకునకు అనుమతి యేల?

మేలు చేయవచ్చినవాడు సైతము అనుమతి కొఱకు గుమ్మమున నిలువవలెనా యను ప్రశ్న ధర్మవిచారమున చిన్నది కాదు. టైడా యను కొండగ్రామమున ఒక మిత్రుని కంప్యూటరునందు యాంటీవైరస్ ఎక్కింపబోగా 'యాక్సెస్ డినైడ్' అను మాటలు తెరపై నిలిచినవి. “కాపాడవచ్చినదానినే వెళ్లగొట్టుచున్నదేమండీ!” అని ఆయన వాపోయెను.

పూర్తిగా తొలగని పాత యాంటీవైరస్ తన ఫైళ్లను తాకనీయకపోయినను, లోన దూరిన వైరసు తన శత్రువు నడ్డుకొనినను, తెరపై కనబడున దించుమించుగా ఆ వాక్యమే; కావున నిరాకరణమును జూచినంతనే దాని మూలమును నిర్ణయింపరాదు. పాతదానిని తయారీదారుడిచ్చు సాధనముతో తుడిచి, యంత్రమును మరల ప్రారంభించి, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అనుదానిని నొక్కగా, తెర మసకబారి మా సమ్మతి నడిగెను. 2007లో జనులకందిన విండోస్ విస్టా నాటినుండి అడ్మినిస్ట్రేటరు సైతము సామాన్యునివలె మెలగుచు, సమ్మతి తెలిపిన పనికి మాత్రమే పూర్ణాధికారమును వహించును.

అధికారమన నేమి? జైమిని పూర్వమీమాంసలో ఆఱవ యధ్యాయమంతయు దీని విచారమే. సామర్థ్యమును విద్యయు వలయుననుచునే, కర్మఫల మెవనికి చెందునో వాడే యధికారి యని మీమాంసకులు తేల్చిరి. అందే బాదరి యను ఆచార్యుడు సర్వులకు అధికారము కలదని వాదింపగా, సిద్ధాంతము శూద్రులను వెలివేసినది. ఆ నిర్ణయమును నేనంగీకరింపను, ఫలస్వామ్యమను ఆ సూత్రమునే దానికెదురుగా నిలుపుదును.

ఈ కొండలలోనే ఆ సూత్రము న్యాయపరీక్షకు వచ్చినది. టైడా యున్న అనంతగిరి మండలమున, బొఱ్ఱా పరిసరములలో గనుల కొఱకు గిరిజనేతరులకు లీజు లిచ్చుటను 'సమత' సంస్థ ప్రశ్నింపగా, 1959 నాటి భూబదలాయింపు నిబంధనలలోని నిషేధము ప్రభుత్వమునకును వర్తించునని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పెను. గిరిజనులకు సంరక్షకుడననుకొను ప్రభుత్వమే ఆ కట్టుబాటునకు లోబడవలసి వచ్చినది. గని త్రవ్వుటచే ఊట యెండినచో దప్పిగొనువాడు కొండవాసియే గాని, సంతకము చేసిన యుద్యోగి కాడు గదా!

అయినను ఒక సందేహము నన్ను విడువకున్నది. తెరపై నేమున్నదో చదువకయే 'యెస్' నొక్కువారు పెక్కుమంది. అట్లే, ఇంట కువియో ఆదివాసీ ఒరియాయో మాటలాడువారి యెదుట తెలుగు కాగితమును గబగబ చదివి వేలిముద్ర వేయించుకొనినచో, దానిని సమ్మతి యనుటకు నా మనసొప్పదు.